చూసే కళ్లదే బరి

బండలాగుడు పోటీలో తలపడే ఎడ్ల జతలు ఒకదానికొకటి ఎదురుపడవు. ఒక జత బరిలోకి వస్తుంది, గొలుసుకు కట్టిన బండను ఇచ్చిన గడువులో లాగగలిగినంత దూరం లాగుతుంది, కాడి దింపుకుని వెళ్లిపోతుంది. కాసేపటికి ఇంకో జత వస్తుంది. పొద్దున చల్లటి పూట లాగిన ఎడ్లకూ మధ్యాహ్నం ఎండలో లాగిన ఎడ్లకూ మధ్య పోటీ జరిగిందని చెప్పడానికి మిగిలేవి రెండే: నిర్వాహకుల కాగితం మీది అడుగుల, అంగుళాల లెక్క; పొద్దుటి నుంచీ బరి చుట్టూ కదలకుండా నిలబడ్డ జనం జ్ఞాపకం. మహాశివరాత్రికి మహానందిలో, తిరునాళ్లకూ ఉగాదికీ నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో జరిగే ఈ పోటీల గురించి ఆలోచించినకొద్దీ నాకు ఒకటే తోస్తుంది. రెండు జతలు నిజంగా తలపడేది చూసేవాళ్ల బుర్రల్లోనే. అందుకే నా వాదన ఇది: జీతం కోసం కాకుండా ఇష్టం కొద్దీ దిగే ఏ పోటీకైనా విలువ తెచ్చేది చూసే జనం. దాన్ని నిజాయితీగా నిలబెట్టేదీ వాళ్లే, దారి తప్పినప్పుడు సరిదిద్దవలసిందీ వాళ్లే. వాళ్లకు తెలివిడి ఉన్నంతకాలం పోటీ పోటీగా ఉంటుంది. అది తగ్గేకొద్దీ పోటీ వట్టి ఆర్భాటంగా మిగులుతుంది.

మోటారు పందేలు తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. కార్లన్నీ ఒకేసారి ట్రాక్ మీదికి దూసుకుపోయే పందేలు ఒక రకం. ఒక్కో కారునూ విడిగా వదిలి, గడియారంతో పోటీపెట్టి, చివర్లో సెకన్లు పోల్చి గెలుపు తేల్చేవి ఇంకో రకం. సొంత కార్లతో సరదాకొద్దీ దిగే ఔత్సాహికులకు ఈ రెండో పద్ధతి అనువుగా ఉంటుంది. ఒకరినొకరు గుద్దుకునే భయం ఉండదు, కొత్తవాడికీ చోటు దొరుకుతుంది. బండలాగుడు ఈ కోవలోదే. అక్కడ ఇంజను సీసీల లెక్కన తరగతులు విడదీస్తారు, ఇక్కడ పళ్ల లెక్కన విడదీస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు; కొన్నిచోట్ల సేద్యపు ఎడ్లకు వేరే విభాగం. పశువుకు పై దవడలో ముందుపళ్లు ఉండవు. కింది దవడలో ఉన్న ఎనిమిది పాలపళ్లు రెండేళ్ల వయసు దాటినప్పటి నుంచి జతజతగా ఊడి, వాటి చోట పెద్దపళ్లు వస్తాయి. కాబట్టి గిత్త వయసు తేల్చడానికి కాగితం అక్కర్లేదు, నోరు తెరిచి చూస్తే చాలు. తగాదా వస్తే పది మందీ చూడగలిగిన రుజువు అది. పోటీ మొదలుకాకముందే చూసేవాడికి ఇందులో తీర్పరి స్థానం ఉందనడానికి ఇదే మొదటి సాక్ష్యం.

గెలుపు తేల్చే కొలత కూడా అంతే బట్టబయలు. బరువు అందరికీ ఒకటే, గడువు అందరికీ ఒకటే. విభాగాన్ని బట్టి పది, పదిహేను, ఇరవై నిమిషాలు. మారేది దూరం ఒక్కటే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు చెప్పడానికి వేసిన లెక్కలో ఉన్నవీ ఈ మూడే: బరువు, దూరం, సమయం. నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తగలిగితే దాన్ని ఒక హార్స్‌పవర్ అన్నాడు. ఈనాటికీ కారు ఇంజను సత్తా ఆ లెక్కలోనే చెప్పుకుంటున్నాం. అంటే మోటారు బలాన్ని కొలవడం మొదలైందే పశువు లాగుడును దగ్గర పెట్టుకుని. బండలాగుడు బరి ఒక పెద్ద కొలత పరికరం. ప్రయోగశాలలో గాజు పలక వెనక జరిగే పని ఇక్కడ ఎర్రటి ఎండలో, అందరి కళ్ల ముందూ జరుగుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. ఇక్కడ బండను ఎత్తడం లేదు, ఈడుస్తున్నారు. కాబట్టి లెక్కలోకి నేల ఒరిపిడి కూడా వస్తుంది. నేల ఎప్పుడూ ఒకేలా ఉండదు గనక, వచ్చిన అంకెను అర్థం చేసుకోవడానికి నేలను ఎరిగిన మనిషి కావాలి.

ఆ ఎరుక ఎలాంటిదో దగ్గరగా చూద్దాం. ఆగి ఉన్న బండను కదిలించడానికి పట్టే బలం, కదిలిన బండను సాగించడానికి పట్టే బలం కన్నా ఎక్కువ. అందుకని మొదటి అడుగు దగ్గరే జత గుణం బయటపడుతుంది. కొత్త జతలో ఎలపటి ఎద్దు ఒక్కసారిగా ముందుకు ఉరికి, దాపటిది అర క్షణం ఆలస్యంగా అందుకుందనుకోండి: కాడి ఒక పక్కకు వంకరపోతుంది, గొలుసు ఝల్లుమంటుంది, బండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆరితేరిన జత అలా ఉరకదు. రెండూ మెడలు వంచుతాయి, గొలుసు చడీచప్పుడు లేకుండా బిగుసుకుంటుంది, ముందు గిట్టలు నేలలో దిగబడతాయి, వెనక తొడల మీద కండ తాళ్లలా తేలుతుంది. అప్పుడు బండ కింద నుంచి గరగరమని శబ్దం వస్తుంది, దుమ్ము లేస్తుంది, ఇక ఆ కదలిక ఆగదు. రెండు మూడు వందల అడుగుల బరి చివర మలుపు దగ్గర రెండో పరీక్ష. లోపలి పక్క ఎద్దు దాదాపు నిలబడ్డచోటనే అడుగులు మార్చుకోవాలి, బయటి పక్కది పెద్ద చుట్టు తిరిగి రావాలి. గొలుసు మరీ వదులైతే కాలు అందులో పడుతుంది, మరీ బిగుతుగా ఉంటే బండ అడ్డంగా తిరుగుతుంది. మలుపు మలుపుకూ కొన్ని సెకన్లు పోగొట్టుకున్న జత, తిన్నగా లాగేటప్పుడు ఎంత వేగం చూపినా గడువు ముగిసేసరికి వెనకబడుతుంది. సేద్యం ఎరిగిన పెద్దమనిషి గంట మోగకముందే ఏ జత నిలుస్తుందో పక్కవాడికి చెప్పగలిగేది ఈ మలుపులు చూసే.

అంకె చెప్పనిది ఇంకా చాలా ఉంది. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది చీటీ తీసి తేలుస్తారు. ముందు పేరు వచ్చిన జతకు చల్లటి పొద్దు దొరుకుతుంది, కానీ ఇంకా ఎవరూ తొక్కని నేల దొరుకుతుంది. నడిమధ్యలో వచ్చిన జతకు బండ రాసి రాసి నునుపైన బాట దొరుకుతుంది, దాంతోపాటు నడినెత్తిన ఎండా దొరుకుతుంది. చివర వచ్చిన జతకు దాటవలసిన దూరం ఎంతో ముందే తెలుసు. బలాన్ని ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ ఖర్చుపెట్టాలో తోలేవాళ్లు లెక్కేసుకోవచ్చు. పొద్దంతా బరి దగ్గర ఉన్నవాడికి ఇవన్నీ లెక్కలో ఉంటాయి. అందుకే మూడో బహుమతి జతను మొదటి బహుమతి జత కన్నా ఎక్కువ మెచ్చుకుని ఇళ్లకు వెళ్లే జనం ఉంటారు. అది పక్షపాతం అనిపించవచ్చు గానీ, నిజానికి అది పూర్తి న్యాయం. నిర్వాహకుల తీర్పు అంకెతో ఆగాలి, ఆగకపోతే గొడవలే. అంకెకు అందని న్యాయం జనం నాలుక మీద నడుస్తుంది. ఫలానా వాళ్ల జత మిట్టమధ్యాహ్నం దిగి అంత దూరం లాగిందనే మాట ఏడాదంతా ఊళ్లు తిరుగుతుంది. ఇష్టం కొద్దీ ఎడ్లను సాకే రైతుకు, పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా బహుమతిగా తిరిగి రాని రైతుకు, దక్కే అసలు ప్రతిఫలం ఆ మాటే. రోజంతా కాళ్లు నొప్పెట్టేలా నిలబడి చూసేవాడు ఇచ్చే కానుక అది. ఆఖరి జత వచ్చినప్పుడు తొంగిచూసి వెళ్లేవాడు దాన్ని ఇవ్వలేడు.

ఈ తెలివిడి నంద్యాల సీమకు ఊరికే రాలేదు. 2022 ఏప్రిల్‌లో కర్నూలు నుంచి విడిపడి జిల్లా అయిన ఈ ప్రాంతంలో పెద్ద భాగం నల్లరేగడి. తడిస్తే కాళ్లకు అంటుకునే జిగట, ఎండితే నెర్రెలు విచ్చే గట్టిదనం. 1906లోనే నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం పెట్టారంటే, పత్తికీ జొన్నకూ ఈ నేల ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు. ఇలాంటి నేలను అదనులో దున్నాలంటే బరువైన, ఓర్పున్న ఎడ్లు కావాలి. వాన పడ్డాక నేల పదును ఆరేలోపు ఎన్ని సాళ్లు వేయగలిగితే అంత పంట. గడువు లోపల దూరం అనే పందెం లెక్క అసలు పుట్టింది చేలోనే. రాయి సంగతీ అంతే. ఆళ్లగడ్డ శిల్పులు రాతిలోంచి దేవుళ్లను తీస్తారు, బేతంచెర్ల గనుల్లోంచి ఇళ్లకు పరిచే నాపబండలు వస్తాయి. రాయి బరువు ఎంతో, దాన్ని కదపడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చేతులకే తెలుసు. నంద్యాల చుట్టూ మహానందితో కలిపి తొమ్మిది నందుల క్షేత్రాలు, కొంచెం దూరంలో ఏటేటా పెరుగుతాడని జనం నమ్మే యాగంటి బసవన్న. ఎద్దును పనిలోనూ పూజలోనూ చూసిన కళ్లు ఇవి. బరి దగ్గర ఆ కళ్లకు ఉన్న చూపు ఇలాంటి బతుకులోంచే వచ్చింది.

చూసేవాళ్ల మీద నిలబడిన పోటీకీ, ఒప్పందాల మీద నిలబడిన పోటీకీ తేడా ఏమిటో చూపించే ఉదాహరణ ఒకప్పటి మన రాజధానుల దగ్గరే దొరుకుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. విద్యుత్ కార్లు, అంతర్జాతీయ డ్రైవర్లు, సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నగరం దాన్ని వింతగా చూసింది, ఆనందించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ జరగవలసిన పందెం జనవరిలోనే రద్దయింది. అది ఆగిపోతే నగరంలో ఎవరి బతుకులోనూ ఖాళీ ఏర్పడలేదు. చూసినవాళ్లు గొప్ప పోటీనే చూశారు, కానీ అది వాళ్లది కాదు. దీనికి పక్కన షోలవరాన్ని పెట్టి చూడండి. మద్రాసుకు దగ్గర్లో, రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద, 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి పందేలు నడిపింది. అక్కడ దిగిన కార్లలో చాలావరకు ఇళ్ల ముందు నిలబడే ఫియట్లే. షెడ్డులో విప్పి, గీకి, బరువు తగ్గించి తెచ్చినవి. కోయంబత్తూరు కరివర్ధన్ లాంటివాళ్లు సొంతంగా పందెపు కార్లు తయారుచేసి కుర్రాళ్లకు దారి చూపింది ఆ వాతావరణంలోనే. 1990 నాటికి ఇరుంగట్టుకోట్టైలో ఆ క్లబ్బు సొంత ట్రాక్ కట్టుకోగలిగిందంటే, ఏళ్ల తరబడి ఎండలో నిలబడి చూసి, ఇంజను చప్పుడును బట్టి లోపం పట్టగలిగిన జనం వెనక ఉండబట్టే. ఎద్దుల్లోనైనా మోటార్లలోనైనా ఔత్సాహిక పోటీకి పునాది అలాంటి జనమే.

ఇక్కడ మొదటి అభ్యంతరం సూటిగా వస్తుంది, రావాలి కూడా. కారుకు నొప్పి లేదు, ఎద్దుకు ఉంది. కారు ఔత్సాహికుడు తన ఇష్టంతో దిగుతాడు. ఎద్దు ఇష్టం ఎవరు అడిగారు? ఈ ప్రశ్నను సంప్రదాయం పేరు చెప్పి దాటేయడం సరికాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పశువును కొట్టడాన్నీ, శక్తికి మించి పని చేయించడాన్నీ నేరమంటుంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ ఆపేసినప్పుడు ఆధారం చేసుకున్నది ఆ చట్టాన్నే. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాన్ని తమ వరకు సవరించుకుని నియమాలు రాసుకున్నాక, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: నియమం లేని పోటీకి మనుగడ లేదు, కాగితం మీది నియమం బరిలో అమలైతేనే పోటీకి అర్హత. బండి లాగే పశువుల కోసం 1965లో చేసిన నిబంధనలు మేకులున్న కర్ర వాడకూడదంటాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పశువుతో బండి లాగించకూడదంటాయి. ఉగాది దాటాక నంద్యాల ఎండ ఎలా ఉంటుందో తెలిసిన ఎవరికైనా ఈ రెండో నియమం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. నిబంధన బండి కోసం రాసిందే కావచ్చు, బండకు వర్తించవలసిన న్యాయం అంతకన్నా ఎక్కువే.

అయితే పోటీలనే ఎత్తేస్తే సరిపోదా అంటారు. నేను ఒప్పుకోను, కారణం చెబుతాను. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఎద్దులు ఊరి నడుమ రాతి పరుపు మీద పెద్ద బండలు లాగే పోటీలు తరాలుగా ఉన్నాయి, వాటిని ‘ఇది ప్రోబాక్’ అంటారు. అక్కడా ఇదే వాదన నడిచింది. అక్కడి ప్రాంతీయ పాలకులు పశువైద్యుల తనిఖీలతో, కర్ర వాడకం మీద హద్దులతో నియమాలు పెట్టి పోటీలు నడవనిస్తున్నారు. ఆ దారి మనకూ ఉంది. పైగా, కొట్టడం వల్ల ఎద్దు బాగా లాగుతుందన్న నమ్మకం బరిలోనే అబద్ధమని తేలుతుంది. ముందు చెప్పిన మొదటి అడుగును గుర్తు తెచ్చుకుంటే చాలు. చెర్నాకోల దెబ్బకు బెదిరిన ఎద్దు ఒంటరిగా ఉరుకుతుంది, జత చెదిరిపోతుంది, బండ కదలదు. కలిసి మెడలు వంచే జత రోజూ సాకిన చేతిని నమ్మే జత. ఈ సంగతి సేద్యం చేసినవాళ్లకు తెలుసు. దెబ్బ పడ్డప్పుడల్లా ఈలలు వేసే జనం, తమకు తెలియకుండానే పనితనాన్ని వదిలి హింసను గెలిపిస్తున్నారు. అదే జనం దెబ్బ పడ్డప్పుడు మౌనంగా ఉండి, మాటతోనే జతను నడిపిన వాడికి చప్పట్లు కొడితే, కర్ర వాడకం తోలేవాడికి పరువు తక్కువ అవుతుంది. పోలీసు వచ్చేది ఏడాదికి ఒకసారి, జనం ప్రతి పోటీకీ ఉంటారు.

రెండో అభ్యంతరం డబ్బూ పంతమూ. లక్షలు పోసి కొన్న జతలు, బుల్లెట్ మోటారుసైకిళ్లు, ట్రాక్టర్లు బహుమతులు, చాటుమాటున కాసే పందేలు, ఊరికీ ఊరికీ మధ్య పట్టుదలలు. సీమలో పంతం ఎంత దూరం తీసుకుపోగలదో అనుభవం మీద తెలిసిన నేల ఇది. ఇవన్నీ నిజమే. కానీ పంతం తీర్చుకునే దారుల్లో, కొలత అందరికీ కనబడే దారి ఎంతో మేలు. ఓడినవాడు తిరిగి ఏడాదికి ఇంకో జతతో రావచ్చు. ఎదుటివాడు ఎన్ని అడుగులు లాగాడో వెయ్యి మంది ముందు తేలింది గనక, కాదనడానికి వీల్లేదు. మోసానికి అవకాశం పెరిగేది కొలత చాటుకు పోయినప్పుడు. బండను అందరి ముందూ కాటా వేయడం, పళ్లను అందరి ముందూ చూపించడం, టేపును రెండు వైపుల వాళ్లూ పట్టుకోవడం, ప్రతి జత దూరాన్నీ బోర్డు మీద రాయడం, ఇవి చేస్తే డబ్బు ఎంత పెరిగినా పోటీ చెడదు. ఇవి చేయకపోతే బహుమతి ఒక కొబ్బరికాయే అయినా చెడుతుంది. కాబట్టి డబ్బును తిట్టడం కన్నా కొలతను బయటపెట్టమని అడగడం తెలివైన పని. అడగవలసింది చూసేవాళ్లే.

మూడో అభ్యంతరం చదువుకున్నవాళ్ల నుంచి వస్తుంది. పొలంలో ట్రాక్టర్ దున్నుతోంది, పందెం కోసమే ఉలవలూ పత్తిగింజలూ మేపి పెంచిన ఎద్దు సాలు ముఖం చూడదు, ఎందుకీ వేషం? దీనికి జవాబు ఒంగోలు జాతి చరిత్రలో ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి మన తీరం దాటి బ్రెజిల్ వెళ్లిన ఒంగోలు పశువులు అక్కడ నెలోర్ పేరుతో దేశమంతా నిండాయి. కానీ అక్కడ వాటిని ఎంచి పెంచింది మాంసం కోసం. లాగే గుణం ఎవరికీ అక్కర్లేని చోట ఆ గుణం మీద ఎవరి కన్నూ ఉండదు, తరాలు గడిస్తే అది చెదిరిపోతుంది. ఏ గుణాన్నైనా పరీక్షించేవాడు ఉన్నంతకాలమే అది నిలుస్తుంది. ఈనాడు లాగుడును పరీక్షిస్తున్న చోటు ఈ బరి ఒక్కటే. ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. పోటీల వల్ల గిత్తకు వచ్చిన గిరాకీ దాన్ని కన్న ఆవుకు రాలేదు. ఏ గిత్త ఏ ఆవుకు, ఏ ఆబోతుకు పుట్టిందో రాసిపెట్టే అలవాటు లేకుండా జాతి బాగుపడదు. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం ఒంగోలు జాతి మీద ఏళ్లుగా పని చేస్తోంది. గెలిచిన జతల పుట్టుక వివరాలు అలాంటి చోటికి చేరితే, ఒక్క రోజు సంబరం జాతికి పెట్టుబడి అవుతుంది. యంత్రం వచ్చిందని పశువు పోటీ చచ్చిపోనక్కర్లేదు అనడానికి అమెరికా పల్లెలు చూడండి. అక్కడి వ్యవసాయ సంతల్లో గుర్రాలూ ఎద్దులూ బరువులు లాగే పోటీల నుంచే ట్రాక్టర్ లాగుడు పోటీ పుట్టింది, అదో పెద్ద మోటారు క్రీడ అయింది. పాతదీ ఆగలేదు, కొత్తదీ పెరిగింది. రెండింటికీ వస్తున్నది బరువు లాగడం ఎరిగిన జనమే.

చివరి అభ్యంతరం నా వాదన మూలానికే తగిలేది. జనాన్ని తీర్పరులుగా కూర్చోబెడుతున్నావు, కానీ జనం కోరేది వేగం, అరుపు, ప్రమాదం అంటారు. చరిత్ర వాళ్ల పక్షాన బలమైన సాక్ష్యమే ఇస్తుంది. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని ల మాన్ పందెంలో ఒక కారు జనం మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. 1957లో ఇటలీ రోడ్ల మీద జరిగిన మిల్లె మిలియా పందెంలో టైరు పేలిన కారు దారి పక్కన నిలబడ్డవాళ్లను బలి తీసుకుంది, పిల్లలతో సహా; ఆ పందెమే అలా ముగిసిపోయింది. చూడాలన్న ఆత్రం మనిషిని అంచు దాటిస్తుంది. బండలాగుడు బరిలోనూ జనం గీత దాటి లోపలికి వంగుతారు, సెల్‌ఫోన్ పట్టుకుని ఎడ్లకు ఎదురు పోతారు, బెదిరిన జత ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. ఇది నేను కాదనను. కానీ ఈ ఉదాహరణలు రుజువు చేసేది జనం పనికిరారని కాదు, జనాన్ని తెలివిడి లేకుండా బరి పక్కన వదిలేస్తే ఏమవుతుందో అవి చెబుతాయి. ఎద్దు అలసటను గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్లు పక్కన లేకుండా, ఆ చూపు ఎవరూ నేర్పకుండా వచ్చిన కుర్రవాడికి బరిలో కనబడేది దుమ్మూ కేకలే. వాడు వాటికే ఈల వేస్తాడు. తప్పు వాడిది కాదు, నేర్పవలసినవాళ్లది. మేడి పట్టిన చేయి ఇప్పుడు ట్రాక్టర్ స్టీరింగ్ మీద ఉంది గనక, ఆ నేర్పు ఇక చేలో జరగదు. పోటీ రోజునే జరగాలి.

ఆ నేర్పు మైకు నుంచి మొదలుకావాలి. వృషభరాజములంటూ బిరుదులు చదివి, దాతల పేర్లు పదేపదే చెప్పే వ్యాఖ్యానంలో సగం సమయం ఈ జత మలుపు ఎలా తిప్పింది, ఏ ఎద్దు అలసింది, ఎందుకు ఆపాలి అనే మాటలకు ఇస్తే చాలు. ఒక్క పూటలో వందల మంది కుర్రాళ్లు చూడటం నేర్చుకుంటారు. కర్ర తగలకుండా ఎక్కువ దూరం లాగించిన జతకు, దూరం బహుమతితో సమానమైన ఇంకో బహుమతి పెట్టాలి. దాన్ని తేల్చేవాళ్లలో సేద్యం చేసిన వృద్ధులూ పశువైద్యుడూ ఉండాలి. నడినెత్తి ఎండలో బరి మూతపడాలి, ఆ మూడు గంటలూ నీడలో ఎడ్లకు నీళ్లూ జనానికి మజ్జిగా దొరకాలి. తాడు కట్టి జనాన్ని వెనక్కి నిలపాలి, చిన్నపిల్లలకు ఎత్తు మీద చోటు చూపాలి. ఆ బహుమతి తప్ప ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. మహానందిలోనైనా చిన్న పల్లె తిరునాళ్లలోనైనా రేపటి పోటీలో మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వం నియమం రాయగలదు, కోర్టు హద్దు గీయగలదు, దాత బహుమతి ఇవ్వగలడు. ఏ లాగుడు మెచ్చదగినదో, ఏది సిగ్గుపడవలసినదో తేల్చే అధికారం మాత్రం బరి చుట్టూ నిలబడ్డవాళ్లది. ఆ అధికారాన్ని వాళ్లు తెలిసి వాడుకుంటే ఈ పోటీని ఎవరూ వేలెత్తి చూపలేరు. వాడుకోకపోతే దాన్ని ఏ సంప్రదాయమూ కాపాడలేదు, కాపాడవలసిన అవసరమూ ఉండదు.